రాతిలో వేపమండ

మా వీధి చివర కొత్తగా వెలసిన బండల దుకాణంలో మిషను రాయి కోస్తుంటే, నీళ్ళలో తడిసిన సున్నపురాతి పొడి వాసన నా వంటింట్లోకి చొరబడుతుంది. కోడలు కిటికీ మూస్తుంది, నేను తెరుస్తాను. ఆ వాసన ఇష్టమై కాదు, దాన్ని నాలుగు తిట్లు తిట్టుకుంటే గానీ నాకు పొద్దు గడవదు. మా జేజినాయన, అంటే మా నాయన తండ్రి, పంచె అంచుకు ఎప్పుడూ అంటుకుని ఉండే పొడి అదే.

మాది బనగానపల్లె పక్క పల్లె. కర్నూలు రాజధానిగా ఉన్న ఏండ్లవి. అక్కడ ఆఫీసులు లేస్తున్నాయని నాపరాళ్ళకు గిరాకీ పెరిగి, మా జొన్నచేలల్లో సగం గనులైపోయాయి. ఎండాకాలం పొద్దున జొన్నరొట్టె మీద ఊరిమిండి పచ్చడి పూసుకుని తిని, మధ్యాహ్నం వరిగడ్డిలో మాగేసిన మామిడిపండ్లు మోచేతుల దాకా కారుతుంటే నాక్కుంటూ, చల్లటి బండ మీద గచ్చకాయలాడుతూ, గనిలో ఉలి మీద సుత్తె పడే చప్పుడు వింటూ పెరిగాం మేము. ఆడపిల్లలు నవ్వితే జేజినాయనకు గిట్టదు. ఆయన నవ్వితే మాత్రం ఊరంతా నవ్వాలి.

ఆ గనిలో బండలు చీల్చే మద్దిలేటికీ, అతని భార్య ఓబుళమ్మకూ ఒక్కతే బిడ్డ, లచ్చుమి. ఒక వేసవిలో ఆ పిల్లకు అమ్మవారు పోసింది. పక్క మీద వేపమండలు పరిచారు, వాకిలికి వేపమండలు కట్టారు, పిల్ల దక్కలేదు. అమ్మవారు తీసుకుపోయిన బిడ్డ కోసం ఏడవకూడదని మా పక్క కట్టుబాటు. ఏడిస్తే తల్లికి కోపమొచ్చి ఇంకో ఇంటి మీద పడుతుందట. ఓబుళమ్మ నోట్లో కొంగు కుక్కి మరీ కాపలా కాశారు ఊరి ఆడవాళ్ళు. పిల్లను మా చేని గట్టున పూడ్చిపెట్టారు. ఆ తర్వాత ఒకనాడు మద్దిలేటి బండ చీలిస్తే, పొరల మధ్య నల్లగా, ఈనెలతో సహా, అచ్చం వేపమండ కనిపించింది. ఆ బండ తెచ్చి పిల్ల మీద నిలబెట్టాడు. అమ్మవారు తన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని గుర్తు పంపిందని ఓబుళమ్మ నమ్మింది. ఊరూ నమ్మి టెంకాయలు కొట్టింది.

జేజినాయనకు ఒళ్ళు మండింది. మంచి రాయంతా ఆ గట్టు కిందే ఉంది. తవ్వమంటే కూలివాళ్ళు చేతులు జోడించి, "అమ్మోరుండాది రెడ్డెప్పా, మాతో కాదు" అన్నారు.

అట్లాంటప్పుడు సర్కారు రాళ్ళ ఆఫీసరు ఒకాయన సర్వేకని మా ఊళ్ళో దిగాడు. జేజినాయన ఆయనకు సంగటీ కోడికూరా పెట్టి, మామిడిపండ్లు కోసిపెట్టి, గట్టుకు పిలుచుకుపోయాడు. ఊరు ఊరంతా వెంట నడిచింది. "ఇది ఏ చెట్టు ఆకో, ఎప్పటిదో కొంచెం చెప్పండి సార్" అని ఏమీ ఎరగనట్టు అడిగాడు. ఆ గొంతు తలుచుకుంటే నాకిప్పటికీ పండ్లు నూరాలనిపిస్తుంది.

ఓబుళమ్మ కొంగుతో బండను తుడిచింది. "బాగా చూడు సారూ, యాపమండే గదా?"

ఆయన భూతద్దం పెట్టి చూశాడు, గోటితో గీకాడు, నీళ్ళు చల్లి మళ్ళీ చూశాడు. మంచివాడే పాపం. "ఆకు కాదమ్మా. ఖనిజం కలిసిన నీళ్ళు పొరల సందుల్లో పారి, ఇట్లా కొమ్మలు కొమ్మలుగా మరక కట్టింది. ఈ రాయి సముద్రం అడుగున బురదగా ఉన్నప్పుడు భూమ్మీద చెట్టే పుట్టలేదు. కోట్ల ఏండ్ల నాటి మాట."

"నా బిడ్డకు నాలుగేండ్లు సారూ" అంది ఓబుళమ్మ.

జేజినాయన నవ్వాడు. ఊరంతా నవ్వింది. "ఇంటివా మే ఓబుళమ్మా? అమ్మోరూ లేదు, మండా లేదు. మరకంట! వెయ్ రా మద్దిలేటీ దెబ్బ!"

మద్దిలేటి తల దించుకుని సుత్తె ఎత్తాడు. పొర చీలింది. లోపల ఇంకో మండ, మొదటి దానికన్నా చక్కనిది. "అదో, మళ్ళా వచ్చినాది!" అని ఓబుళమ్మ ఆశగా అరిచింది. అయ్యో, ఆ అరుపుకు జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. "కొట్టు" అన్నాడు జేజినాయన. ఇంకో పొర, ఇంకో మండ. బండ పెంకులు పెంకులయ్యే దాకా కొట్టించాడు.

అమ్మవారు కాకపోతే ఏడవడానికి ఇక అడ్డమేముంది? ఓబుళమ్మ ఆ పెంకుల మీద పడిపోయి, అన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు ఏడ్చింది. "లచ్చుమీ, నువ్వు ఉత్తపున్యానికి సచ్చిపోతివే!" అని నేలను బాదుకుంది. అప్పుడెవరూ నవ్వలేదు. "నోరు మూయించండ్రా దానిది, రేపు పని మొదలుపెట్టాల" అని జేజినాయన ఇంటికి వెళ్ళి మజ్జిగ తాగి పడుకున్నాడు. మర్నాడు ఆ గట్టు మీద మొదటి గడ్డపార వేసింది మద్దిలేటే. వేరే ఎవరితో వేయిస్తాడు ఆ ముసలాయన!

మొన్న ఒక పెళ్ళికి ఆ పక్కకు పోయాను. అమ్మవారి జబ్బు లోకంలోనే లేకుండా పోయింది. చేత్తో రాయి చీల్చేవాళ్ళు లేరు, జొన్నచేలు లేవు, మా ఇంటి గోడలు కూడా లేవు. కారు ఆపించి గని అంచున నిలబడితే, మేకలు కాస్తున్న ఒకతను దగ్గరికి వచ్చాడు.

"ఏం ఎతుకుతాండావు అవ్వా?"

"ఈడ ఒక పిల్లను పూడ్చిపెట్టినారప్పా."

అతను నన్నూ, కింద పచ్చగా నిలిచిన నీళ్ళనూ మార్చి మార్చి చూశాడు.

"ఈడనా? పూడ్చేకి ఈడ మన్ను యాడుండాది అవ్వా?"