ఎడమచేతికి అక్షరాభ్యాసం

డెబ్బై రెండేళ్ల వయసులో నేను పియానో వాయిస్తే రాజమండ్రి సగం కదిలి వచ్చింది. సరే, సగం కాదు. మా ఆవిడ, పాఠం చెప్పే అమ్మాయి, తరవాతి క్లాసుకి ముందే వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు. అది పియానో కూడా కాదు, కీబోర్డు.

నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా వీధి చివర మేడ మీది సంగీతం క్లాసులో నేర్చుకోవడం మొదలుపెట్టిన మూడో వారమే, రెండు చేతులతో వాయించేస్తున్నానని ఇంట్లో కోతలు కోశాను. మా ఆవిడ వదల్లేదు.

“అయితే ఆదివారం వచ్చి వింటానండి. రెండో చెయ్యి కదల్లేదో, ఈ వేషాలు కట్టిపెట్టి ఇంట్లో కూచోవాలి.”

నిజానికి నా ఎడమచేతికి ఏమీ రాదు. చిన్నప్పట్నుంచీ దాన్ని ముందుకు చాపితే చాలు, ఎవరో ఒకరు కసిరేవారు. అది ప్రసాదం పట్టలేదు, తాంబూలం ఇవ్వలేదు, పలక మీద ఓనమాలు దిద్దలేదు. అలాంటిదాన్ని మీటల మీద పెడితే అయిదు వేళ్లూ ఒక్కసారే పడ్డాయి.

“మాస్టారూ, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకోండి,” అంది ఆ అమ్మాయి. “ఎడంచేత్తో ఒక్క బార్ మాత్రమే. నెమ్మదిగా. అయిదుసార్లు తప్పు లేకుండా వస్తేనే రెండో బార్.”

“బారా?”

“ఆ బారు కాదండీ బాబూ! నాలుగు దెబ్బల గడి.”

రోజూ సాయంత్రం వెళ్లి, మెట్రోనోమ్ టిక్కుటిక్కుమని తాళం వేస్తుంటే అదే పని. అయిదుసార్లన్నది నేను వందసార్లు వాయించాను. అబద్ధం, పన్నెండు. శుక్రవారం నాడు నేను చూడకుండానే నాలుగో వేలు తన మీటని తనే వెతుక్కుంది. ఇన్నేళ్లూ నా పక్కనే వేలాడుతున్న ఈ చెయ్యి ఎవరిదా అనిపించింది.

ఆదివారం మా ఆవిడ కుర్చీ లాక్కుని దగ్గరగా కూచుంది. మొదలుపెట్టాను. మూడో బార్‌లో తప్పు పడింది, కుడిచేతికి! ఇన్నేళ్లు బోర్డు మీద లెక్కలు చేసిన చెయ్యి, రోజూ పూజ చేసే చెయ్యి, దారి తప్పి నిలబడిపోయింది. ఎడమది ఆగలేదు. కింది స్వరాలు ఒక్కొక్కటీ తొందరపడకుండా పలుకుతూనే ఉన్నాయి. నేను వింటున్నాను. నాలుగో బార్‌లో కుడిచెయ్యి సిగ్గుపడుతూ వచ్చి కలిసింది.

మా ఆవిడ నా మొహం చూడలేదు. ఆ చేతినే చూస్తోంది.

“ఈయన్ని వచ్చేవారం కూడా పంపిస్తానమ్మా,” అంది చివరికి. “ఎడంచెయ్యి బానే ఉంది. ఆ కుడిదానికే కాస్త చెప్పండి.”