వాసి లేని చెయ్యి

ఒక పిల్ల చేతికి నేను అంటించిన మాట ఒకటుంది. ఇన్నేళ్ళుగా కడిగినా పోలేదు. ఆ పిల్ల నా కూతురి కూతురు, నా పెద్ద మనవరాలు. మాట మోస్తున్నది అదే. కానీ ఆ బరువు నా గొంతులో ఉంది. మీరెవరో నాకు తెలీదు. తెలిసిన మొహమైతే చెప్పలేను, అందుకే మీకు చెబుతున్నాను.

మాది పద్మనాభం వైపు ఒక పల్లె. కొంచెం మడి, రెండు గేదెలు, పెరట్లో కోళ్ళు. పాలు ఆనందపురంలో టీ హోటలుకి పోసేవాళ్ళం. నన్ను పిసినారి అంటారు. అబద్ధమేమీ కాదు. మనవలకి జామకాయ ఇచ్చినా సగం కోసి, రెండో సగం రేపటికి దాచేదాన్ని.

గేదె పొదుగుకి నాలుగు సన్నులు. మూడు మనవి, నాలుగోది దూడ వాటా. అది ముట్టుకోకూడదని కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త చెప్పింది. చాలాకాలం ముట్టుకోలేదు కూడా.

ఆ వేసవిలో మా నల్లగేదె పోతుదూడని ఈనింది. పెయ్యయితే రేపు పాలిస్తుంది. ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాక పోతుదూడతో ఏం పని? ఈ మాట నేను పైకి అనలేదు. చేత్తో అన్నాను. మొదట నాలుగో సన్నులో సగం పిండాను. తర్వాత మొత్తం.

ఎందుకు? ఇదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఇంట్లో పస్తులున్నామా, లేదు. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నాడా, లేదు. పాలచెంబు అంచుదాకా నిండి, నురగ పైకి పొంగి కనపడితే నాకు అదోలా ఉండేది. పొద్దున్నే ఏదో గెలిచినట్టు. ఆ నురగ కోసమే ఒక ప్రాణి నోటి దగ్గరది లాగేసుకున్నానా? మనిషికి ఇంత చిన్న కారణం చాలుతుందా? చాలిందే మరి.

సెలవులకి మనవరాలు పట్నంలోని కంచరపాలెం నుంచి వచ్చింది. రెండు జడలు వేసుకునే వయసు. తిన్నా ఆడినా పశువుల శాలలోనే. ఒకరోజు అక్కణ్ణుంచే కేకేసింది.

“అమ్మమ్మా, దూడ నా ఏలు సీకతంది! వదల్డం నేదు.”

“అది దాని ఆట. ఇవతలికి రా.”

“ఆట కాదు, ఆకలి. దాని పొట్ట సూడు, నీ ఆకువక్కల సంచీనాగ నోపలికెల్లిపోనాది.”

“నీకేటి తెలుసే? పేకెట్టు కోసుకుని పాలు తాగే పిల్లవి, నువ్వు నాకు సెప్తావా గేదెల సంగతి!”

మా ఆయన అరుగు మీద కూర్చుని నవ్వాడు. నేనూ నవ్వాను. పిల్ల నవ్వలేదు.

మర్నాటినుంచి అది తన కంచంలో చద్దన్నం సగం మిగిల్చి, మెత్తగా పిసికి దూడ నోట్లో పెట్టడం మొదలెట్టింది. చూశాను. ఊరుకున్నాను. పాలు మానని దూడకి అన్నం పడదని నాకు తెలుసు. కానీ వద్దంటే, మరి ఏం పెట్టమంటావని అడుగుతుంది కదా?

కొన్నాళ్ళకి ఒక పొద్దున దూడ ఇక లేవలేదు. డొక్కలు ఎండిపోయి ఉన్నాయి. పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చిన నా కూతురు శాల దగ్గర నిలబడి, “ఏటయిందమ్మా?” అంది.

నేను ఆలోచించుకోలేదు. మాట దానంతటదే వచ్చింది. “నీ కూతురు సద్దన్నం పెట్టీసింది. దాని సెయ్యికి వాసి నేదు.”

పిల్ల అక్కడే రాటని పట్టుకుని ఉంది. చెయ్యి విడిచి అరచేతిని చూసుకుంది. తిరగేసి మళ్ళీ చూసుకుంది. తర్వాత ఆ చేతిని వెనక్కి దాచుకుంది. ఏడవలేదు. ఏడ్చుంటే బాగుండేదేమో.

మా వైపు చేతివాసి అంటే ఊరికే అనే మాట కాదు. మొదటి గింజ ఎవరు చల్లాలి, కోడిని గుడ్ల మీద ఎవరు కూర్చోబెట్టాలి, అన్నిటికీ అదే చూస్తాం. వాసి లేదన్న చేతికి ఎవరూ ఏదీ ఇవ్వరు.

దూడ లేకపోతే గేదె పాలు చేపదు, పొదుగులోనే బిగబట్టేస్తుంది. మా ఆయన ఆ దూడ తోలులోనే గడ్డి కుక్కించి తెచ్చాడు. దానికి ఉప్పునీళ్ళు రాసి గేదె ముందు పెట్టాను. వాసన చూసింది. నాకింది. చేపింది. నాలుగు సన్నులూ నావే. వాటా అడగని దూడ అది.

ఆ గడ్డిదూడకి కళ్ళు లేవు, ఊపిరి లేదు. కన్నతల్లికి తెలియకుండా ఉంటుందా? నిజంగా నమ్మిందా, నమ్మినట్టు ఊరుకుందా? పాలు పిండుతూ దాని మొహంలోకి వంగి వంగి చూసేదాన్ని. ఏమీ తెలిసేది కాదు. మనవరాలి గురించి అదే ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. దూడ ఆకలితో ఉందని మొదట చూసింది అదే కదా. మరి నా మాట ఎలా నమ్మింది? అమ్మమ్మ చెప్పింది కాబట్టా?

దానికి పెళ్ళయింది, గాజువాకలో కాపురం. ఇంట్లో ఒక్క మొక్క లేదు. పక్కింటావిడ తులసి మొక్క ఇస్తే, “నా చేతికి వాసి లేదండీ” అని నవ్వుతూ తిప్పి ఇచ్చేసిందట. నవ్వుతూ.

మొన్న ఆదివారం తన కూతుర్ని తీసుకుని వచ్చింది. శాలలో కొత్త పెయ్యదూడ ఉంది. చిన్నది పరుగున వెళ్ళి గడ్డిపరక అందించబోయింది. మనవరాలు దాని మణికట్టు పట్టుకుని లాగేసింది.

“వద్దమ్మా. నీదీ నా చెయ్యే. తాతమ్మ పెడతాదిలే.”

చిన్నది అరచేతిని చూసుకుంది. తిరగేసి మళ్ళీ చూసుకుంది.

నేను అక్కడే ఉన్నాను. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. కాఫీ పెడతానని లోపలికి వెళ్ళిపోయాను. ఈ వయసులో నాకు ఏం పోతుందని భయం? పిసినారిదాన్ని కదా, ఆఖరికి నిజాన్ని కూడా దాచుకున్నానేమో.

నాలుగో సన్ను నేను పిండేశాను. దూడ నా వల్ల పోయింది. దానికి అన్నం పెట్టిన చెయ్యి ఆ పిల్లది ఒక్కటే.

ఇంతే. ఎంత చిన్న మాట. ఇన్నేళ్ళు గొంతులో ఎలా పట్టిందో తెలీదు. మళ్ళీ వచ్చినప్పుడు దానికి ఈ మాటే చెప్పాలి. వాసి మాట నమ్మినంత తేలిగ్గా దీన్ని నమ్ముతుందా? నమ్మినా ఆ చెయ్యి దానికి తిరిగి వస్తుందా? ఏమో.

ఇవాళ పొద్దున మూడు సన్నులే పిండి లేచాను. పెయ్య తలతో పొదుగుని కుమ్ముకుంటూ తాగింది. చెంబు వెలితిగా ఉంది. గొంతు కూడా.