హంతకుడెవరో చెప్పేశాను

ఇప్పుడు మాదాపూర్ అద్దాల మేడల్లో కుర్రాళ్లు పొద్దున ఒక ఉద్యోగానికి దండం పెట్టి సాయంత్రానికి ఇంకో కుర్చీలో కూర్చుంటున్నారు. వాళ్లను చూస్తే నాకు కడుపు మండిపోతుంది. నేను ఒక్క ఉద్యోగం మారడానికి ఒక మనిషిని గదిలో పెట్టి తాళం వేశాను. ఆ పూట చేసిన వెధవ పని సర్వీసంతా నన్ను వెంటాడింది.

హైదరాబాదుకు టీవీ కొత్తగా వచ్చిన రోజులు. నేను జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో దగ్గు మందు సీసాలకు లేబుళ్లు సరిగ్గా అంటుకున్నాయో లేదో చూసేవాణ్ణి. అంతకు మించిన గొప్ప పనేం కాదు. ప్రభుత్వ ఉద్యోగానికి పరీక్ష ప్యాసయ్యాను, ఆర్డరు రావడమే తరువాయి. ఆత్రం కొద్దీ ఇక్కడ ముందే రాజీనామా ఇచ్చేశాను. అంటే ఆర్డరు రాకపోయిందో, రెంటికీ చెడి మళ్లీ మా ఊరు తెనాలి బస్సెక్కాల్సిందే!

మానేసేవాడికి పనెవడు చెబుతాడు? నోటీసు నెలంతా డిటెక్టివ్ నవలలు అద్దెకు తెచ్చి లేబుళ్ల చాటున చదివాను. మధ్యాహ్నాలు జారుకుని సస్పెన్సు సినిమాలకు పోయాను. ఆదివారాలు మా ఇంటి ఓనరు సత్తెమ్మగారింట్లో టీవీ ముందు బాసింపట్టు వేసేవాణ్ణి. శేరిలింగంపల్లిలో మా వీధికంతటికీ అదొక్కటే టీవీ. నెల తిరిగేసరికి నా బుర్ర పూర్తిగా పాడైంది. పాలవాడు రెండుసార్లు బెల్లు కొడితే అది ఎవరికో సంకేతమనిపించేది.

సరిగ్గా అప్పుడే ఒకాయన నా గురించి వాకబు మొదలుపెట్టాడు. పంచె, మెడలో తువ్వాలు, బుగ్గ మీద పులిపిరి. హోటల్లో చాయ్ తాగుతూ అడిగాడట, "గా మూర్తి అనేటోడు ఎట్లాంటోడు? తాగుతడా? ఎవలెవలు వస్తరు ఆయన కాడికి?" అని. సత్తెమ్మగారినీ అడిగాడట.

"మీరేం చెప్పారండీ?" అన్నాను.

"ఏం చెప్త? మంచి పిలగాడే, గానీ ఈ నడుమ గోడల దిక్కు చూస్తుండు, తనలో తనే మాట్లాడుకుంటుండు అని చెప్పిన."

"అయ్యో! అతనెవరనుకున్నారు? మా మేనేజరు పంపిన గూఢచారి! దగ్గు మందు ఫార్ములా నేను ఇంకో కంపెనీకి అమ్ముతున్నానని అనుమానం!"

"నీకు ఫార్ములా తెల్సా బిడ్డా?"

"తెలీదు. తెలీదంటే వాళ్లు నమ్మరు కదండీ!"

ఆమె నావైపు జాలిగా చూసింది. ఆ జాలిని నేను భయం అనుకున్నాను.

ఆదివారం సాయంత్రం ఆయన ఏకంగా నా గుమ్మంలోకే వచ్చాడు. "మూర్తి అంటే నువ్వేనా?"

"కాదండీ. నేను ఆయన స్నేహితుణ్ణి. ఇప్పుడే వచ్చేస్తారు, లోపల కూర్చోండి," అన్నాను. నవలల్లో హీరోలందరూ ఇట్లాగే తెలివిగా మాట్లాడతారు. ఆయన మంచమ్మీద కూర్చోగానే బయటికి దూకి గొళ్లెం పెట్టి తాళం బిగించాను.

"ఏయ్! ఏందిది? తలుపు తియ్!" అని లోపలినుంచి ఒకటే బాదుడు.

సత్తెమ్మగారు టీవీ వదిలేసి రోకలి పట్టుకొచ్చింది. "ఏం ఫికర్ జెయ్యకు, నేను కావలుంట. నువ్ ఉర్కి పోలీసులను తోల్కరా!"

ఉరికాను. స్టేషనులో ఎస్సైగారికి రొప్పుతూ కథంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. పులిపిరి దగ్గరికి వచ్చేసరికి చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టారు.

"ఏ బుగ్గ మీద?"

"ఎడమ బుగ్గండీ."

"నువ్వు సర్కారు నౌకరీకి గిట దరఖాస్తు పెట్టుకున్నవా?"

"అవునండీ, మీకెట్లా తెలుసు?"

"ఆయన మా కానిస్టేబుల్ రాజయ్య! నీ నడవడి ఎట్లున్నదో ఎంక్వైరీ చెయ్యనీకి నేనే పంపిన. ఆయన మంచిగున్నదని రాస్తేనే నీకు ఆర్డరొస్తది. ఇగ ఇక్కడెందుకు నిలబడ్డవ్? పో, పోయి కాళ్లు మొక్కు!"

పోలీసంటే ఖాకీలోనే వస్తాడనుకున్నానండీ! ఇంటిదాకా ఎట్లా పరిగెత్తానో నాకే తెలీదు. దారంతా తెనాలి బస్సు కళ్ల ముందే కదిలింది. గది దగ్గర చప్పుడు లేదు. "శానా సేపాయె, ఊపిరి గూడ ఇనొస్తలేదు," అంది సత్తెమ్మగారు. తాళం తీశాను.

రాజయ్యగారు నా మంచమ్మీద వెల్లకిలా పడుకుని, నా దిండు తల కింద పెట్టుకుని, నా నవల చదువుతున్నారు. కళ్లు ఎత్తలేదు.

"క్షమించండి, మహానుభావా! నేనే మూర్తిని. తెలియక తాళం వేశాను!" అని కాళ్ల మీద పడ్డాను.

"జర ఆగవయ్యా. లొల్లి చెయ్యకు," అన్నారాయన పేజీ తిప్పుతూ. "తాళమేస్తే ఏసినవ్ గానీ, మంచి కితాబు దొరికింది. ఇంట్ల పిల్లలు చదవనిస్తరా, స్టేషన్ల సారు చదవనిస్తడా? నీ రిపోర్టు రేపే మంచిగ రాసి పంపిస్త, పో. జమీందారును సంపింది ఎవలో తేలనీ."

నా ప్రాణం లేచొచ్చింది. ఆనందంతో కళ్లు చెమర్చాయి. ఈ దేవుడికి ఏమిచ్చి రుణం తీర్చుకోను? అప్పుడు నా నోట్లోంచి, నా ప్రమేయం లేకుండా, ఆ మాట వచ్చేసింది.

"డాక్టరుగారేనండీ చంపింది! చివర్లో బయటపడుతుంది!"

రాజయ్యగారు పుస్తకం మూశారు. లేచి తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నారు. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"తాళమేసినందుకు మాఫ్ చేసిన. గిది మాత్రం చెయ్య."

రిపోర్టు మంచిగానే రాశారు, అబద్ధం చెప్పకూడదు. కాకపోతే దాన్ని పంపిస్తానన్న ఆ 'రేపు' మాత్రం నెలల తరబడి రాలేదు. మామిడికాయల కాలంలో రావలసిన నా ఆర్డరు దసరా దాటాక వచ్చింది. నాతోపాటు ప్యాసైన వాళ్లంతా అప్పటికే చేరిపోయి నాకు సీనియర్లయ్యారు. రిటైరయ్యే రోజున కూడా నా వీడ్కోలు సభకు వాళ్లలో ఒకాయనే అధ్యక్షుడు.

కాబట్టి ఫ్యాక్టరీ గుర్తుగా దాచుకున్న ఈ దగ్గు మందు సీసా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మనుషులను గదిలో పెట్టి తాళం వేయనని మాట ఇవ్వలేను, కాలం ఎట్లా వస్తుందో ఎవరికి తెలుసు? కానీ హంతకుడెవరో మాత్రం, మా ఆవిడ అన్నం పెట్టనని బెదిరించినా సరే, ఈ జన్మలో ఎవరికీ చెప్పను.