ఫుట్‌బాల్ క్లబ్‌లో మొదటి ప్రశ్న

పదేళ్ల మా పాపను ఫుట్‌బాల్‌లో చేర్పిద్దామని ఈ సాయంత్రం అనంతపురంలో రెండు క్లబ్బులకు తీసుకెళ్లాను. మొదటి క్లబ్ కోచ్ కుర్చీ వేసి, టీ తెప్పించి అడిగాడు.

"యా ఊరన్నా మీది?"

"తాడిపత్రి పక్కన పల్లె."

"ఆడ ఎవరి వర్గం మీరు?"

"పాపను ఆటకు చేర్పిద్దామని వచ్చినా సార్. వర్గంతో పనేముండాది?"

"తప్పుగా అనుకోవద్దన్నా. ఈ క్లబ్బు పెట్టించిన పెద్దాయన అడుగుతాడు, ఎవరి పిల్లోళ్లని."

టీ సగంలో వదిలేసి లేచాను. రెండో క్లబ్ దగ్గర బండికి స్టాండు వేసేలోపే అక్కడి కోచ్, "వాళ్ల తావ టీ తాగొచ్చినారంట కదన్నా" అన్నాడు. ఎదుటి వర్గం క్లబ్‌లో టీ తాగినవాడి బిడ్డకు ఇక్కడ చోటు లేదట.

ఒళ్లు మండిపోయింది. ఎలక్షన్లలో కొట్టుకునేది చాలదా, పిల్లల బంతిని కూడా పంచుకోవాలా? కొత్త బూట్లు వేసుకుని రెండు చోట్లా నిలబడ్డ పిల్లను, ఏ కాలితో తంతావమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఆ మాట ముందు అడిగే క్లబ్ ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఎంత దూరమైనా తీసుకెళ్తాను.

ఇంటికి వస్తుంటే బండి వెనక నుంచి పాప అడిగింది.

"నాయనా, మనది ఎవరి వర్గం?"