కాయ కొట్టని బ్రహ్మచారి

మలయాలో తెలుక్ ఆన్సన్ ఊరి నుంచి మా కొబ్బరితోటకు బస్సు నడిపే డ్రైవరు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. బస్సు నిండితే గాని కదిలేవాడు కాదు, అది న్యాయమే. కానీ సంతలో కొన్న బాతుల్ని గంపతో సహా సీటు మీద కూర్చోబెట్టి మనుషుల్ని లేచి నిలబడమనేవాడు. సింగపూరు కాలేజీలో ఇంగ్లీషు వెలగబెట్టి సెలవులకు వస్తున్న నేను, ఆ దారంతా ఒక బాతుకు సీటిచ్చి నిలబడ్డాను. ఇల్లు చేరాక తెలిసింది, ఆ రోజు నాతో మర్యాదగా మెలిగింది ఆ బాతొక్కటేనని.

ఇంట్లో ఎవరూ "వచ్చినావా" అనలేదు. మా అయ్య, కూలీలకు కంపెనీ వరసగా కట్టిచ్చిన లైనింటి వసారాలో కూర్చుని, కొబ్బరికాయలు ఒలిచే గునపాన్ని రాతికేసి నూరుతున్నాడు. కాయలు ఒలవడానికి అంత పదును అక్కర్లేదు. అమ్మ పొయ్యి దగ్గర గిన్నెల్ని శిక్షిస్తోంది. అప్ప, అంటే మా అక్క, గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఏటయింది?" అన్నాను.

"నీ అప్పనడుగు," అన్నాడు అయ్య.

"దాన్నేటి అడుగుతాడు, దాని కడుపునడగమను," అంది అమ్మ.

అప్పకు నాలుగో నెల. పెళ్ళి కాలేదు. మనిషెవరో చెప్పదు. తిట్లు, చీపురుకట్ట, అమ్మోరి మీద ఒట్లు, అన్నీ నేను రాకముందే అయిపోయాయట. ఒకరోజు అన్నం కూడా పెట్టలేదట. వేవిళ్ళ మనిషికి అది శిక్షో, సదుపాయమో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

అయ్య తన దారి తాను చూసుకున్నాడు. అమ్మోరి సంబరం అయిన మర్నాడు, నది అవతలి తోటలో కూలీల మీద పెత్తనం చేసే ముసలి మండోరుకు అప్పను ఇచ్చేయడానికి మాటయిపోయింది. ఆయన అప్పటికే ఇద్దరు పెళ్ళాల్ని మట్టిచేశాడు. కడుపు సంగతి చెబితే, "ఉండనీండి, పుట్టీది పనికొస్తాది" అన్నాడట. మా ఇంట్లో దాన్ని పెద్ద మనసు అన్నారు.

"నాను ఎల్లను," అంది అప్ప గోడతో.

"ఎల్లకపోతే ఈ గునపమే," అన్నాడు అయ్య గునపంతో.

మా ఇంట్లో అన్నం తినే కుర్రాడొకడు ఉండేవాడు. వాడికి నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. అయ్యతో పాటే కాయలు ఒలిచేవాడు, అయ్యను మావా అని, అమ్మను అత్తా అని పిలిచేవాడు. ఆ సాయంత్రం అయ్య పక్కన చేరి కల్లు ముంత అందిస్తూ, "ఆడెవుడో తెలిస్తే సెప్పు మావా. నాను పట్టుకుంటాను, నువ్వు పొడు," అన్నాడు. లోపల్నుంచి అప్ప చెంబు విసిరింది. అది నాకు తగిలింది. మా ఇంట్లో చదువుకున్నవాడికి ఆపాటి గౌరవం ఎప్పుడూ ఉండేది.

"సుదా, సుదా! ఇంక సాలు!" అని అమ్మ, సగం మలాయిలోనూ సగం మా భాషలోనూ, అందరి మీదా అరిచింది, ముఖ్యంగా నా మీద.

మా వాళ్ళకొక పట్టింపు ఉంది. ఆడది కడుపుతో ఉంటే, దానికి కారణమైన మగాడు దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టకూడదు. కొడితే బిడ్డకు దోషం. కొబ్బరితోటలో బతుకుతూ ఈ పట్టింపు పాటించడం కష్టమే. అందుకని కంపెనీ కాయకు దోషం లేదని, దేవుడి కాయకే ఉందని పెద్దలు సర్దుకున్నారు. దొరలకు ఈ సంగతి చెప్పలేదు, చెబితే సంతోషించేవారు. ఇక పెళ్ళయినవాళ్ళలో ఎవడి ఇంట్లో ఎవరు నెల తప్పారో చెప్పలేం గనక, సంబరంలో కాయలు కొట్టే పని బ్రహ్మచారులకు వదిలేశారు. వాళ్ళకు ఏ భయమూ లేదని నమ్మకం.

సంబరం రోజు మిట్టమధ్యాహ్నం ఘటం ముందు మేమంతా వరసగా నిలబడ్డాం. నేను నా కాయ కొట్టాను. నా పక్కన మా ఇంటి కుర్రాడు కాయ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"కొట్రా," అన్నాడు పూజారి.

"సెయ్యి నొప్పి."

"ఎడం సేత్తో కొట్టు."

"అదీ నొప్పే."

డప్పులు ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో ముసలమ్మ, "ఓలమ్మో! పెళ్ళే కానోడికి కడుపుతో పెళ్ళామున్నాదేటి?" అంది.

అయ్యకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. రోజూ తన కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్నవాడి గురించి అర్థం చేసుకోవడం ఎవరికైనా ఆలస్యమే. గునపం ఇంట్లో ఉండిపోయింది, అది అమ్మోరి దయ. వాడి చేతిలోని కాయ లాక్కుని వాడి భుజం మీదే కొట్టాడు. కాయ పగల్లేదు. భుజం సంగతి నేను అడగలేదు.

"బిడ్డకు దోషం మావా," అన్నాడు వాడు, కింద కూలబడి. "అందుకే కొట్టనేదు."

ఆ మాటతో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. పెద్దలు అక్కడే పెళ్ళి తీర్మానించారు. మండోరుకు రావద్దని కబురు పోయింది. అంతవరకూ కూతుర్ని పొడుస్తానన్న మనిషి, అదే గొంతుతో, "ఇప్పుడే, ఇక్కడే, పసుపుతాడు కట్టించీండి!" అని అరిచాడు. మా వాళ్ళ సంతోషం దూరం నుంచి వింటే కొట్లాటలాగే ఉంటుంది.

అమ్మ అప్పను జబ్బ పట్టుకుని తెచ్చి వాడి ఎదురుగా నిలబెట్టింది. పూజారి పసుపుతాడు తీశాడు.

అప్ప వాణ్ణి చూసి, "నెల తప్పినప్పుడే నీకు సెప్పినాను. మా అయ్యతో మాటాడమన్నాను. ఏటన్నావు?" అని అడిగింది.

వాడు భుజం పట్టుకుని నేలచూపులు చూశాడు. "బయమేసింది."

"నిలబడు, నోర్మూసుకుని," అన్నాడు అయ్య ఆమెతో. "ఒప్పుకున్నాడు గదే!"

అప్ప అయ్యవైపు తిరిగింది.

"నానేడిసినప్పుడు ఒప్పుకోనేదు. మండోరుకి నన్ను ఇచ్చీసినప్పుడు ఒప్పుకోనేదు. అమ్మోరికి బయపడి ఒప్పుకున్నాడు. ఆవిడకే ఇచ్చి మనువు సేసీండి."