గాజు మీద జిడ్డు మరక

ఆ మరక నాది. ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

అనకాపల్లి వదిలి యుద్ధవిమానాల ఆయుధాల షెడ్డులో చేరినప్పుడు, నాతోపాటు పూడిమడక నుంచి ఒక జాలరి కుటుంబం అబ్బాయి చేరాడు. వేడిని పసిగట్టి పోయే క్షిపణులను పరీక్షించడం మా పని. వాటి ముక్కున గాజు డోము, దాని వెనక గ్యాసుతో బాగా చల్లబరిచిన కన్ను ఉంటాయి. అవతలి విమానం ఇంజను వేడిని ఆ కన్ను చూస్తుంది. చూసి తోక వెంటే పరిగెడుతుందని నేను అనుకునేవాణ్ని.

"కాదు బావా. సముద్రంలో అవతలి పడవ ఒకే దిక్కున కనబడతా పెద్దదవుతుందనుకో, గుద్దేత్తాది. పక్కకి జరిగిపోతంటే బయం లేదు. మన క్షిపణి ఆ జరగడాన్నే సూత్తాది. జరిగితే రెక్కలు తిప్పుకుని, ఇంక జరక్కుండా సేసుకుంటాది. అలాగే పోయి గుద్దేత్తాది" అన్నాడు అతను, ఒకరోజు నా మాట విని.

శిక్షణలో నా తలకెక్కనిది అప్పుడు ఎక్కింది.

ఒక ఉదయం బద్ధకించి, గ్లౌజులు లేకుండా డోము పట్టుకున్నాను. చేతి జిడ్డు అంటితే ఆ కన్ను మసకబారుతుంది. తనిఖీలో మరక దొరికింది. ఎవరిదని సూపర్‌వైజరు అడగ్గానే నా నోరే ముందు లేచింది.

"ఇంకెవలిది సార్, సేపల సేతులోడిది. వాసన సూడండి."

షెడ్డంతా నవ్వింది. ఒకడు నిజంగానే అతని చెయ్యి లాగి వాసన చూశాడు. "సబ్బు లేదేట్రా మీ ఊళ్లో?" అన్నాడు ఇంకొకడు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. అతను నావైపు చూసి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అతన్ని ఆ పని నుంచి తీసేశారు. కొన్నాళ్లకు ఉద్యోగం మానుకుని ఊరెళ్లిపోయాడు. శుభ్రత లేక తీసేశారట అని వాళ్ల ఊరు అనుకుంది.

ఈమధ్య టీవీలో యుద్ధం వార్తలు వస్తుంటే, క్షిపణి ఎలా గుద్దుతుందని టీ కొట్టు దగ్గర నలుగురు అడిగితే, ఆ పడవ ఉదాహరణ నాదన్నట్టు చెప్పాను. "బావ బుర్రే బుర్ర" అన్నారు. నోట్లో టీ అసహ్యంగా తోచి ఉమ్మేశాను. నా మీద నాకే రోత పుట్టింది.

మర్నాడు పూడిమడక బస్సెక్కాను. అతను ఒడ్డున వల బాగుచేస్తున్నాడు. పక్కన అన్నదమ్ములు, ఇరుగుపొరుగు వాళ్లు.

"ఏటి బావా, ఇన్నాళ్లకి?"

పక్కకు రమ్మంటే వస్తాడు. కానీ ఆనాడు షెడ్డులో అతన్ని ఎగతాళి చేసింది అందరి ముందే.

"ఆ మరక నాది. నీ సేతుల్లో ఏ తప్పూ లేదు. అబద్దం ఆడి, నిన్ను ఎగతాళి సేసి, నీ ఉద్యోగం పోగొట్టేను. నన్ను చమించు బావా" అన్నాను, అక్కడున్న వాళ్లందరికీ వినపడేటట్టు.