హెల్మెట్ తీయని మనిషి

చోడవరంలో కేదార్ మాస్టారిని ఎరగని వీధి లేదు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు కాబట్టి, టీ కొట్టు ముందు నిలబడినా ఎవడో ఒక పాత శిష్యుడు వచ్చి చేతులు కట్టుకుంటాడు. అందుకే, పెళ్ళి మాటలు నడుస్తున్న ఫణిశ్రీ ఫోనులో "ఆదివారానికి ఏదైనా మంచి బార్ చూడండి, బీరు తాగుతూ మాట్లాడుకుందాం" అన్నప్పటి నుంచి అతనికి ముద్ద దిగడం లేదు. ఊరి చివరి బార్లన్నీ చూసొచ్చాడు. బయట తెలిసిన బండి ఒక్కటి కనబడినా వెనక్కి తిరిగేవాడు. చివరికి గోవాడ దారిలో, చెరకు తోటల పక్కన ఒకటి కుదిరింది. వారమంతా సాయంత్రాలు అక్కడే మూల బల్ల దగ్గర, హెల్మెట్ తీయకుండా కూర్చుని, అద్దం కాస్త ఎత్తి స్ట్రాతో సోడా తాగుతూ, వచ్చేపోయే వాళ్ళ మొహాలు గమనించాడు.

ఆదివారం ఫణిశ్రీతో లోపల అడుగు పెట్టేసరికి హెల్మెట్ కింద చెమటలు కారుతున్నాయి. వెయిటర్ దాసు ఎదురొచ్చి, "రండి బాబూ, రోజూ మీరు కూకునే బల్ల ఉంచేను. స్ట్రా ఎట్టి సోడాయే కదా?" అన్నాడు. రోజూ వచ్చే తాగుబోతునని ఫణిశ్రీ అనుకుంటుంది, ఇక సంబంధం పోయినట్టే అనుకున్నాడు కేదార్. ఫణిశ్రీ మాత్రం అతని చొక్కా అంచు పట్టుకున్న వేళ్ళు వదిలి, ఊపిరి తీసుకుంది. "ఆ తోటల మధ్య దారంతా భయపడుతూనే వచ్చేనండీ. మిమ్మల్ని ఎరిగిన మనిషి ఒకడున్నాడు కదా ఇక్కడ, పర్లేదు."

కేదార్ మెల్లగా హెల్మెట్ తీశాడు. దాసు ఒక్క క్షణం చూసి, ట్రే చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకున్నాడు.